ఎడమ భుజానికి ఆనిన తుపాకి

బహ్రెయిన్‌లోని హిద్‌లో నేను డ్రైవరుగా చేరిన ఇంటి పెద్దాయనను నేను బాబా అని పిలిచేవాణ్ని. ఓడరేవులో పనిచేసి రిటైరైన మనిషి. భార్య పోయింది. కొడుకులు వేరే ఇళ్లలో ఉండేవాళ్లు. అంతకుముందు కారు తనే నడుపుకునేవాడు. గేటు గోడకు కారు కుడివైపు తలుపు రెండుసార్లు గీరుకుపోయాక కొడుకులు తాళాలు తీసేసుకుని నన్ను పెట్టారు. "గోడ వంకరగా కట్టారు" అని మొదటిరోజే నాతో చెప్పాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

మా ఇద్దరికీ మాటలు కలిసింది పిట్టల దగ్గర. జగిత్యాల దగ్గర మా ఊరి గుట్టల్లో మా నాయన కౌజుపిట్టలు కొట్టేవాడు. ఆయనకొక భర్మారు తుపాకి ఉండేది. మందు, ఛర్రాలనే సీసపు గుళ్లు మూతిలోంచి కూరి కొట్టే పాత తుపాకి. అది నేరమే, కానీ మా ఊళ్లో ఎవరూ అడగలేదు. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఈ సంగతి చెబితే బాబా వెనక సీట్లోంచి ముందుకు వంగి విన్నాడు. మర్నాటినుంచి నా పక్క సీట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు.

బహ్రెయిన్‌లో పిట్టల వేటకు వీల్లేదు. బాబా స్నేహితులు చలికాలంలో మొరాకో వెళ్లి కొండల్లో కౌజులు కొట్టి వచ్చేవాళ్లు. బాబా చాలా ఏళ్లుగా వెళ్లలేదు. వెళ్లిన రోజుల్లో కూడా ఎవరిదో తుపాకి అడిగి తీసుకునేవాడట. ఈసారి తనదంటూ ఒకటి ఉండాలన్నాడు. లైసెన్సు ఎప్పటినుంచో ఉంది. పెన్షన్ మీద బతికే మనిషి, పెద్ద ధర పెట్టలేడు.

"చవకది కావాలి. కానీ చెత్తది వద్దు. నువ్వు కూడా రా, చూద్దాం" అన్నాడు.

మొదట దుకాణానికి వెళ్లాం. సేల్స్‌మన్ ఒక కొత్త ఆటోమేటిక్ చూపించాడు. భుజాన్ని అంతగా తన్నదన్నాడు. బాబా ఎత్తి పట్టుకుంటే కాసేపటికే ముంజేతులు వణికాయి. మా నాయన అనేవాడు, "ముందుగాల బరువు చూడాలె బిడ్డా. కొట్టేది ఒక్క గడియ, మోసేది పొద్దూకేదాంక" అని. అదే మాట బాబాకు హిందీలో చెప్పాను. ఆయన దాన్ని కింద పెట్టేశాడు. తర్వాత ఒకదాని మీద ఒకటి గొట్టాలున్న డబుల్ బ్యారెల్ చూశాడు. నల్లగా, నూనె రాసిన కర్రతో చాలా అందంగా ఉంది. ధర అడిగి, ఎవరి పసిబిడ్డనో తిరిగి ఇచ్చేస్తున్నట్టు మెల్లగా బల్ల మీద ఉంచాడు. అన్నిటికన్నా చవకది సింగిల్ బ్యారెల్. "మొదటి దెబ్బ తప్పితే ఇక పిట్ట ఎగిరిపోవడం చూస్తూ నిలబడాలి" అని బాబాయే వద్దన్నాడు.

రెండు వారాలు ఇలాగే తిరిగాం. నాకు డ్యూటీలా అనిపించలేదు. దేశం వదిలి వచ్చాక నాకు తెలిసిన విషయం గురించి ఒకరు నన్ను అడగడం అదే మొదటిసారి.

చివరకు రిఫాలో బాబాతో కలిసి పనిచేసిన ఒకాయన, మోకాళ్లు పోయి వేట మానేసినాయన, తన పాత డబుల్ బ్యారెల్ అమ్ముతానన్నాడు. అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్‌లో తివాచీ మీద గుడ్డ పరిచి పెట్టాడు. పక్కపక్కనే రెండు గొట్టాలు. ఇరవై బోర్‌ది, తేలిక. నేను విరిచి తెరిచి, ఖాళీగా ఉందని చూసి, గొట్టాలను కిటికీ వెలుతురుకు పట్టాను. లోపల తుప్పు గుంటలు లేవు. మూసి చెవి దగ్గర ఊపితే ఎక్కడా కదలిక చప్పుడు లేదు. భుజానికి ఆనే కర్ర మడమ మీద ఒక గీత పడింది, అంతే.

"ఆ ఎదురు గోడ మీద పావురం ఉంది చూడు. దాని మీద గురిపెట్టి చూసుకో" అన్నాడు స్నేహితుడు.

బాబా తుపాకిని కుడి భుజానికి ఆనించాడు. చెంప ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత తలంతా అటు తిప్పి ఎడమకన్నుతో పావురాన్ని వెతుక్కున్నాడు. దించి, ఎడమ భుజానికి మార్చుకున్నాడు.

"ఈ భుజం నొప్పి" అన్నాడు, ఎవరూ అడగకముందే.

ఆయన సంతకం చేసేది కుడిచేత్తో. గావా కాఫీ కప్పు పట్టుకునేదీ కుడిచేత్తోనే. గీరుకుపోయిన కారు తలుపు గుర్తొచ్చింది. కుడికన్ను కనబడటం లేదని నాకు అక్కడే అర్థమైంది.

చెప్పవలసింది. ఆయన ముఖంలో పెళ్లిచూపులకు వచ్చినవాడి సంబరం ఉంది. నేను చెప్పలేదు. పైగా ఆయనకు సాయం చేశాను. "ఎక్కువ తుపాకులకు మడమ కుడిచేతివాళ్ల కోసం కాస్త వంపు తిరిగి ఉంటుంది బాబా. దీనికి వంపు లేదు. ఏ భుజానికైనా సరిపోతుంది. ఇదే తీసుకోండి" అన్నాను.

"ఖలాస్, ఇక ఇదే" అన్నాడు బాబా సంతోషంగా.

ఆ శుక్రవారం అస్కర్‌లోని కూలీల క్యాంపుకు మా బావ దగ్గరికి వెళ్లాను. అల్యూమినియం ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని ఆయనది. మంచం మీద కూర్చుని సంగతంతా చెప్పాను.

"నీకెందుకు బావా?" అన్నాడు. "పెద్దమనిషి ఖుషీగ కొనుక్కున్నడు. కన్ను కనవడ్తలేదని డ్రైవరు జెప్పిండంటె రేపే ఇంటికి పంపుతరు నిన్ను."

"ఎవలకన్న తాకితె?"

"ఎవలకు తాకుతది? ఆడ గుట్టలే ఉంటయి."

నాకు కావలసిన మాట అదే. తిరిగి వచ్చి, తుపాకి కాగితాల కోసం ఆయన్ను ఆఫీసుల చుట్టూ తిప్పాను. డిసెంబరులో మొరాకో విమానానికి ఎయిర్‌పోర్టులో దించాను. పన్నెండు రోజులకని వెళ్లిన మనిషి అయిదో రోజున ఫోన్ చేసి ఎయిర్‌పోర్టుకు రమ్మన్నాడు.

ఆ రోజు వెనక సీట్లో కూర్చున్నాడు. హిద్‌లోకి వచ్చాక, సముద్రం పక్కన, "కారు ఆపు" అన్నాడు. ఆపాను.

"పిట్ట కుడివైపు లేచింది" అన్నాడు. "నేను తిరిగాను. పొదల్లోంచి పిట్టల్ని లేపే కూలీ మనిషి ఆ వాలు మీదే ఉన్నాడు. అందరికీ కనబడుతున్నాడట. నాకు కనబడలేదు."

ఛర్రాలు మెడలో, చేతిలో దిగాయట. ప్రాణానికి ప్రమాదం లేదు. చేతి వేళ్లు రెండు ముడుచుకోవడం లేదట. ఆసుపత్రిలో బాబా అతని నుదుటి మీద ముద్దుపెట్టి క్షమించమన్నాడట. ఫరవాలేదు అంటూనే అతను తన చేతివంకే చూస్తూ ఉన్నాడట.

బాబా మళ్లీ అన్నాడు. "ఆ రోజు రిఫాలో నువ్వు నన్నే చూస్తున్నావు. నీకు తెలిసింది కదా?"

అద్దంలో ఆయన ముఖం కనబడుతోంది.

"లేదు బాబా. నేను గమనించలేదు" అన్నాను.

ఆయన తలూపాడు. "యల్లా, ఇంటికి పోదాం" అన్నాడు.

తుపాకిని పోలీసులకు అప్పగించేశాడు. కంటి డాక్టరు చాలా ఆలస్యమైందన్నాడట. ఆ తర్వాత బాబా బయటికి రావడమే మానేశాడు. నేను కూరగాయలు, మందులు తెచ్చి వంటింట్లో పెట్టి వెళ్లేవాణ్ని. తన గదిలోంచి పేరు పెట్టి పలకరించేవాడు, కానీ రమ్మనేవాడు కాదు. నా కాంట్రాక్టు ముగిశాక ఇక డ్రైవరు అక్కర్లేదన్నారు కొడుకులు. వెళ్లే రోజున బాబా చేయి కలిపి, నా పిల్లల చదువులు ఎలా ఉన్నాయని అడిగాడు.

ఇప్పుడు అమ్వాజ్‌లో మెయింటెనెన్స్ వాళ్ల వ్యాను నడుపుతున్నాను. ఆ కొండల్లోని కూలీ ఇప్పుడు ఏ పని చేసుకుంటున్నాడో నాకు తెలియదు. అతని పేరు కూడా నేను అడగలేదు. పోయిన ఏడాది ధైర్యం చేసి, నిజం చెప్పాలని బాబాకు ఫోన్ చేశాను. చిన్నకొడుకు ఎత్తాడు. నాన్న పడుకున్నాడు, ఏమైనా చెప్పాలా అన్నాడు.

సలాం చెప్పమన్నాను. మళ్లీ చేయలేదు.