కోళ్ల షెడ్డు పద్ధతిలో బిర్యానీ

ఈ రోజు మా ఆఫీసులో బిర్యానీని కోళ్లకు మేత పెట్టే పద్ధతిలో వడ్డించాం. ఈ ఉద్యోగంలో చేరాక నాకు లెగ్ పీసు దక్కడం ఇదే మొదటిసారి.

బ్రాయిలర్ పిల్లల కోసం తల్లికోళ్లను పెంచే ఒక ఫారానికి మా టీమ్ మేత లెక్కల యాప్ చేస్తోంది. అది ఎలా వస్తోందో చూడటానికి ఆ ఫారం సూపర్‌వైజర్ యాదగిరి గారు హైటెక్ సిటీకి వచ్చారు. మధ్యాహ్నం బిర్యానీ దగ్గర మా క్యూ చూసి ఆయన తల అడ్డంగా ఊపారు.

"గిట్ల ఒక కొస నుంచి పెడితే బలమున్న కోడే అంత తింటది మేడం. ఎనకున్నది బక్కగైతది. మేమైతే లైట్లు బంద్ చేసి, అన్ని గిన్నెలు నింపినంకనే లైట్లు ఏస్తం. అన్నీ ఒక్కసారే తింటయి."

రోజూ కాల్ ముగించుకుని క్యూ చివరికి చేరే నాకు ఆ మాట సూటిగా తగిలింది. అందరినీ బయటికి పంపి తలుపు వేసేశాను. ఆయనా నేనూ కలిసి ప్రతి ప్లేటులో సమానంగా ముక్కలు వేశాకే తలుపు తీశాం. ఇరవై మందీ ఒకేసారి కూర్చుని తిన్నారు.

ఎప్పుడూ క్యూలో ముందుండే మా మేనేజరు ఖాళీ ప్లేటు చూపించి, "యాదగిరి గారూ, ఇంకొంచెం ఉందాండి?" అని అడిగారు.

"బరువు పెరగొద్దని మా ఎదిగే పెట్టలకు దినం ఇడిచి దినం పెడ్తం సార్. మీకు ఇగ ఎల్లుండే."

అందరికంటే గట్టిగా నవ్వింది మేనేజరే. మీ ఆఫీసు క్యూలో వెనకబడే కోడి ఎవరు? అది మీరే అయితే చెప్పండి, యాదగిరి గారిని పంపిస్తాను.