గోడ వైపు తిరిగిన అక్షరాలు

అక్క వాళ్ళ ఇంటి దర్వాజ మీది పేరు పలక కనబడితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. చూసినవాళ్ళంతా బాగుందంటారు. బాగుండక ఏం చేస్తుంది? మిషన్ కొట్టిన అక్షరం వంకర పోదు కదా. కొట్టింది నేనే.

మా నాయన వడ్రంగి. చండ్రుగొండ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళకు దర్వాజలు చేసి, వాళ్ళు ఇంటికి పెట్టుకున్న పేర్లు ఉలితో చెక్కాడు. మా దిక్కు దర్వాజ ఎత్తి గుమ్మం నిలబెట్టే రోజున వడ్రంగికి బొట్టు పెట్టి కొత్త బట్టలు పెడతారు. మిగతా మర్యాదలన్నీ ఆ తర్వాతే. బిడ్డ ఇంటి దర్వాజ దగ్గర ఆ బట్టలు తీసుకోవాలని నాయనకు ఎంత ఆశో! అందుకోసమే ఒక టేకు పలకను ఏళ్ల తరబడి అటక మీద దాచాడు. తీరా అక్క ఇల్లు మొదలయ్యేసరికి కుడి భుజం పట్టేసింది. సుత్తి ఎత్తలేడు. పెన్సిల్ మాత్రం పట్టగలడు.

ఖమ్మంలోని నా షాపులో చెక్క మీద అక్షరాలు చెక్కే కంప్యూటర్ మిషన్ ఉంది.

"నువ్వు రాయి నాయినా, మిషన్ చెక్కుతది," అన్నాను.

పలక మీద ఆయన పెన్సిల్‌తో 'శ్రీరామ నిలయం' అని రాశాడు. 'శ్రీ' కింది తోక పక్క అక్షరం కిందిదాకా పాకింది. అది ఆయన పద్ధతి. నేను ఫొటో తీసి, కంప్యూటర్లో గీత మీద గీత దిద్ది ఫైలు చేశాను. మిషన్ ఆ గీతల వెంటే పోయింది. పొట్టు ఊదేసరికి నాయన రాతే లోతుగా దిగి కనబడింది. ఆయన వేలు పెట్టి ఒక్కో అక్షరం తడిమి చూసుకున్నాడు. నవ్వాడు కూడా.

బావది బొగ్గుబాయిలో ఉద్యోగం. డ్యూటీ దిగి పలక చూడటానికి వచ్చాడు.

"గిదేంది బామ్మర్దీ, గిట్ల ఎగుడుదిగుడు ఉన్నది? మిషన్ పెట్టుకొని గీ రాతేంది? మా దోస్తు ఇంటికాడ అచ్చు గుద్దినట్టున్నది."

"అది నాయిన రాత," అన్నాను.

"అయితే ఏంది? వచ్చేటోళ్ళు నవ్వరా?"

నాయన అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అల్లుని ఇల్లు, అల్లుని ఇష్టం. చెక్క దండుగ చెయ్యకు. అవతలి పక్కకు తిప్పి కొట్టు."

తిప్పి కొట్టాను. కంప్యూటర్లో ఎవరికైనా దొరికే అక్షరాలే.

దర్వాజ ఎత్తిన రోజున పలకను దాని మీద బిగించారు; తర్వాత వెనక గోడ లేపి చుట్టూ సిమెంటు పూశారు. నాయన రాత గోడ వైపుకు పోయింది. ఎత్తిన రోజునే బావ నాకు బొట్టు పెట్టి, బట్టలు నా చేతుల్లో పెట్టాడు. నేను వాటిని నాయన ఒళ్ళో పెట్టబోయాను. ఆయన తీసుకోలేదు.

"పని చేసినోనికే బట్టలు. నేనేం చేసిన?"

ఆ మాట విని అన్నం తినకుండా వచ్చేశాను. మళ్ళీ నాయన పెన్సిల్ ముట్టలేదు. నిరుడు చనిపోయాడు.

ఇప్పుడేమో ఖమ్మంలో చేతిరాత పలకల మీద మోజు మొదలైంది. మొన్న బావ షాపుకు వచ్చాడు. మేడ మీద ఇంకో వాటా కడుతున్నాడట.

"మామ రాసిన రాత ఉన్నదా బామ్మర్దీ? ఇప్పుడు అందరు గదే అడుగుతున్రు. గట్లనే ఒక పలక కొట్టు."

ఫైలు నా కంప్యూటర్లోనే ఉంది. ఆ మాట చెప్పలేదు.

"ఉన్నది బావా," అన్నాను. "నీ దర్వాజ మీదనే ఉన్నది. గోడ పగలగొట్టుకొని తీస్కో."