జోలి అల్లిన పోలమ్మ కోసం

ఉదయం ఆరుంబావుకు నెల్లూరు బస్టాండులో నాయుడుపేట ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు. మధ్యాహ్నం రెండింటిలోగా ఒక మనిషిని వెతికి పట్టుకుని, ఆమె పూర్తి పేరు ఫోనులో చెప్పాలి. ఆలస్యమైతే శిలాఫలకం మీద నాలుగు పేర్లే ఉంటాయని రాయి చెక్కే ఆయన ఖరాఖండిగా చెప్పేశాడు. రేపే ఆవిష్కరణ.

ఆ ఫలకం మా కాలేజీ హాస్టల్లోని అక్కచెల్లెళ్ళ సంఘానిది. సంఘం పుట్టిన కథ మా అందరికీ కంఠతా వచ్చు. నలభై ఏళ్ళ కిందట తుపానుకు హాస్టల్ చుట్టూ నడుముల్లోతు నీళ్ళు. ఒక పిల్లకు అపెండిసైటిస్ నొప్పి. రిక్షా రాలేదు. నలుగురు పిల్లలు ఆమెను నీలం నైలాన్ తాడు జోలిలో వేసుకుని ఆసుపత్రికి మోసుకెళ్ళారు. తర్వాత వాళ్ళే సంఘం పెట్టారు. జోలి తాడు ముక్క ఇప్పటికీ అద్దాల పెట్టెలో ఉంది. సంఘంలో చేరే ప్రతి పిల్లా దానికో ముడి వేస్తుంది. మా బ్యాడ్జీ రంగు నీలం, మా గుర్తు ఆ తాడుకున్న మొదటి ముడి. జోలిలో పడుకున్న పిల్ల ఎవరో కాదు, మా అమ్మ ఖైరున్నీసా.

ఇంత గొప్ప కథలో ఆ జోలి ఎవరు అల్లారని ఒక్కరమూ అడగలేదు. నేనూ అడగలేదు, సిగ్గుచేటు! పోయిన వారం ఆ నలుగురిలో ఒకరైన బిట్రగుంట విజయగారిని ఫోనులో అడిగితే ఆవిడ చెప్పారు.

"పోలమ్మ అల్లిందమ్మా. పులికాట్ పక్క పిల్ల. మర్నాడే వాళ్ళ నాయన వచ్చి తీసకపోయినాడు. రిజిస్టర్లో పేరు కొట్టేసినారు. మేమూ మర్చిపోయినాం."

ఎనిమిదికి నాయుడుపేట. బస్టాండు ఎదుట వేడి వేడి పులిబొంగరాలు దొరుకుతాయి. ఈ దారిన వెళ్ళేవాళ్ళు తినేసి బస్సెక్కండి, ఆపైన టీ తప్ప ఏమీ దొరకదు. ఎనిమిదిన్నర పల్లెవెలుగులో నా పక్కన ఒక అక్క ఖాళీ చేపల గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"పోలమ్మా? మా సముద్రం పక్క ఇంటికొక పోలమ్మ ఉండాది. నీకు ఏ పోలమ్మ కావాల?" అని నవ్వింది.

"నెల్లూరు కాలేజీలో చదివిన పోలమ్మ."

"అర్జీల పోలమ్మా! అట్ట చెప్పు మరి. ఊరందరి అర్జీలూ ఆమే రాస్తాది. ఆమె వస్తా ఉండాదంటే ఆఫీసోళ్ళకు హడల్!"

పదింబావుకు పులికాట్ సరస్సు ఒడ్డున, ఆ అక్క చెప్పిన జాలర్ల ఊళ్ళో దిగాను. పోలమ్మగారు ఇంటిముందు కూర్చుని వల బాగుచేస్తున్నారు. ఫోనులో మా తాడు ఫొటో చూపించాను. వేళ్ళతో పెద్దది చేసి చూశారు.

"ఈ మొదటి ముడి నాదే. నాది పుర్రచేతి వాటం. అందరి ముడీ ఇటు తిరిగితే నాది అటు తిరుగుతాది."

అయ్యో రామా! మా బ్యాడ్జీ బొమ్మ వేసినాయన, ముడి తప్పుగా ఉందనుకుని సరిదిద్ది మరీ వేశాడు. ఇన్నేళ్ళూ మేం ఆ దిద్దిన ముడినే గర్వంగా పెట్టుకు తిరిగాం.

ఫలకం సంగతి చెప్పాను. ఆమె వల పక్కన పెట్టేశారు.

"రాయి సంగతి ఉండనీమ్మా. ముందు ఒకటి చెప్పు. ఆ నొప్పి పిల్ల బతికిందా?"

తుపానుకు పడవ పోయిందని తండ్రి వచ్చి, ఆసుపత్రి నుంచి కబురు రాకముందే ఆమెను తీసుకుపోయాడట. నలభై ఏళ్ళుగా ఆమెకు తెలియదు.

"అడగాలంటే బయ్యం. దారిలో నా ముడి జారిందేమోనని ఎన్నిసార్లు ఏడ్చినానో" అన్నారు.

"జారలేదండీ. నేను ఆమె కూతుర్ని."

ఇద్దరం ఏడ్చాం, దాచుకోవడం ఎందుకు. అమ్మకు ఫోన్ కలపబోతే ఆపేశారు. "ఫోనొద్దు. నేనే వస్తా. కళ్ళారా చూడాల."

పదకొండుకు రాయి చెక్కే ఆయనకు ఆమె పూర్తి పేరు చెప్పాను. "ఐదో పేరుగా కిందే కదా?" అన్నాడు. "కింద కాదు, అన్నిటికంటే పైన!" అని అరిచాను.

వచ్చిన దారినే ఇద్దరం తిరుగు ప్రయాణం. నాయుడుపేటలో భోజనం చేసి, మూడుంబావుకు నెల్లూరు చేరాం. ఈ రోడ్డు మీద ఎన్నోసార్లు తిరిగాను కానీ, ఇంత గెలుపుతో తిరిగి రావడం ఇదే మొదటిసారి. దారిలో నేను కబురు చెప్పి ఇంట్లో ఉండమన్నా వినకుండా అమ్మ బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చి బస్టాండులోనే నిలబడి ఉంది.

పోలమ్మగారు బస్సు మెట్టు మీదే ఆగిపోయి, అమ్మను నిలువునా చూసి ముక్కున వేలేసుకున్నారు.

"ఏమే, ఇంత లావైనావే! ఇప్పుడైతే నిన్ను మొయ్యడానికి నలుగురు చాలరు!"