పెరుమాళ్ళయ్య మోటారులో పక్క సీటు

మనిషికి ప్రాణం మీదికి వచ్చేది పాము వల్లనో, పిడుగు వల్లనో అని లోకం అనుకుంటుంది. నాకు మాత్రం నా నోటి వల్ల వచ్చింది. అదైనా ఊళ్ళో వచ్చిందా అంటే, లేదు. టికెట్టు కొని, ఓడెక్కి, సముద్రం దాటి మరీ వెళ్ళి తెచ్చుకున్నాను. నవ్వుతారు, నవ్వండి. ఆ రాత్రి నేను మాత్రం నవ్వలేదు.

పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో మాట. నాకప్పుడు ఇరవై దాటి రెండో మూడో ఏళ్ళు. మాది విరుదునగరంలో, పాతవాళ్ళ నోట విరుదుపట్టిలో, మిరపకాయల మండీ. మా చిన్నాయన గురుసామి ఆ బేరం మీదే అప్పుడప్పుడూ తూత్తుకుడిలో ఓడెక్కి కొలంబో వెళ్ళి వచ్చేవాడు. ఆ ఏడు నన్ను కూడా వెంట తీసుకుపోయాడు. మిరపకాయలు చూపించడానికి కాదు, నన్ను చూపించడానికి.

కోవిల్‌పట్టిలో సీతమ్మ అనే పిల్లను నాకు అడిగారు. పిల్లా తల్లీ అక్కడే ఉన్నారు. తండ్రి పెరుమాళ్ళయ్యకు కొలంబోలో టైర్ల అంగడి. పిల్లవాణ్ణి తాను చూడనిదే తాంబూలాలు పుచ్చుకోవద్దని ఆయన కబురు చేశాడు. పిల్లను నేను అప్పటికే ఒకసారి చూశాను. అందరు ఆడపిల్లల్లా తల వంచుకోలేదు. నా చొక్కాకు పట్టిన మిరపకాయల ఘాటుకు నాకే తుమ్ములు వస్తుంటే ఎదురుగా చూసి ఫక్కున నవ్వింది. ఆ నవ్వు ఇంట్లో వినపడుతుందంటే సముద్రం కాదు, ఏదైనా దాటడానికి నేను సిద్ధం.

సముద్రం మాత్రం నన్ను దాటనివ్వడానికి సిద్ధంగా లేదు. రాత్రంతా ఓడ కమ్మీ పట్టుకుని కడుపులో ఉన్నదంతా దానికి సమర్పిస్తుంటే, చిన్నాయన నా వీపు నిమురుతూ ఉపదేశం చేశాడు.

"ఇదో చూడు రంగా. ఆయన ఏమి అడిగినా తెలుసును అను. తెలీదంటివా, సంబందం పాయ."

"నిజంగా తెలీకుంటే చిన్నాయనా?"

"తెలిసినోడంతా పెళ్ళి చేసుకొంటే ఊళ్ళో పెళ్ళిళ్ళే జరగవురా!"

పెరుమాళ్ళయ్య తలుపంత మనిషి. మీసాలు చూస్తే రెండు పిల్లులు ఎదురెదురుగా పడుకున్నట్టుండేవి. ఆయన దగ్గర రబ్బరు వాసన వచ్చేది. నన్ను పైనుంచి కిందికి చూసి, కులం, పొలం, చదువు ఒక్కటీ అడగలేదు.

"ఏమి మాప్పిళ్ళా, మోటారు తెలుసునా?"

పెళ్ళికొడుకును మా వైపు అట్లాగే తమిళంలో పిలుస్తారు. ఆ పిలుపు వినగానే నాకు సగం పెళ్ళి అయిపోయినట్టే అనిపించింది. "తెలుసును మామా," అన్నాను.

"తోలినావా?"

చిన్నాయన మోకాలితో నన్ను పొడిచాడు. "కోవిల్‌పట్టికీ విరుదుపట్టికీ నడమ బస్సు తోలితిని మామా," అనేశాను.

నిజం మీకు చెబుతాను. ఆ బస్సులో ఒకసారి డ్రైవరు పక్కన కూర్చున్నాను. సాత్తూరు దగ్గర దారికి అడ్డంగా మేకలు వస్తే, హారన్ రబ్బరు బుడ్డిని నన్ను నొక్కనిచ్చాడు. మోటారు విద్యలో నా చదువు అంతే. అది చాలదన్నట్టు చిన్నాయన అందుకున్నాడు. "మావోడు కండ్లు మూసుకొని తోలుతాడు!"

పెరుమాళ్ళయ్య కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "దేవుడు పంపినట్టు వస్తివి గదరా! ఇయ్యాళ రాత్రికి మోటారు పందెం. నా పక్కన కూర్చొనేదానికి తెలిసిన మనిషి లేక నిన్నటి నుంచి అల్లాడతాండాను!"

చిన్నాయన ముఖం ఆరబెట్టని మిరపకాయ నుంచి ఆరిన మిరపకాయకు ఒక్క క్షణంలో మారిపోయింది.

ఊరి బయట పెద్ద మైదానం. చుట్టూ తాళ్ళు కట్టి, మలుపు మలుపునా నూనె పీపాలు మండిస్తున్నారు. మంట దగ్గర పగలు, రెండడుగులు పక్కన కటిక చీకటి. జనం ఒకరి భుజాల మీద ఒకరు ఉన్నారు. మోటార్లు వరసగా నిలబడి, కట్టేసిన ఎద్దుల్లా బుసకొడుతున్నాయి. తక్కినవన్నీ దొరలవి, తళతళలాడుతున్నాయి. మాది సీమకు తిరిగి పోతున్న ఒక తేయాకు తోటదొర దగ్గర కొన్న పాతబండి. దానికి తలుపుల్లేవు. పైకప్పూ లేదు. పట్టుకోవడానికి నాకు దేవుడు తప్ప ఇంకేమీ లేదు.

పెరుమాళ్ళయ్య తోలు టోపీ, కళ్ళకు పెద్ద అద్దాలు పెట్టుకుని వచ్చేసరికి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఎన్ని పందేలు చూసిన మనిషో అనుకున్నాను.

"ఇదో, నీ ముందర ఉండాది చూడు మాప్పిళ్ళా. నేను కొట్టు అన్నప్పుడు కొట్టాల. ఊరకే ఉంటివా, బండి నిలిచిపోతాది. నీకు తెలియనిదా!"

"తెలుసును మామా!"

నా ముందర రెండు వస్తువులున్నాయి. ఒకటి ఇత్తడి పిడి. రెండోది నల్లటి రబ్బరు బుడ్డి. పిడి ఎందుకో నాకు తెలియదు. బుడ్డి నాకు సాత్తూరు నుంచీ బాగా పరిచయం. మా ఊళ్ళో హారన్ మోగించడాన్ని కూడా కొట్టడమే అంటారు కాబట్టి నాకు ఏ అనుమానమూ రాలేదు. అడగడానికి నోరు తెరిచేలోగా ఎవరో జెండా ఊపారు.

తర్వాత జరిగింది వరసగా చెప్పడం కష్టం. నా కడుపు బయలుదేరిన చోటే ఉండిపోయింది, నేను మాత్రం ముందుకు పోయాను. గాలికి కళ్ళలో నీళ్ళు. ముందు బండి లేపిన దుమ్ములో మా దీపాలు ఎర్రగా, గుడ్డిగా కనిపిస్తున్నాయి. మొదటి మలుపులో బండి రెండు చక్రాల మీద లేచింది. మండుతున్న పీపా నా చెవిని పలకరించి వెళ్ళింది.

"కొట్టు!" అని అరిచాడు పెరుమాళ్ళయ్య.

కొట్టాను. "పాం! పాం!"

ముందున్న దొర ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. పందెంలో హారన్ కొట్టినవాణ్ణి ఆయన అంతవరకు చూసి ఉండడు. ఏమి కొంప మునిగిందోనని పక్కకు తప్పుకున్నాడు. మేము దాటిపోయాం! జనం గోలెత్తారు.

"కొట్టు, కొట్టు!"

"పాం! పాం! పాం!" ఇంకొక దొర తప్పుకున్నాడు. అంతా నా చేతి మహిమే అనుకున్నాను. సీతమ్మ ఈ వేగంలో నన్ను చూస్తే ఎంత బాగుండునని కూడా అనుకున్నాను. అట్లా అనుకున్న క్షణంలోనే ఇంజను దగ్గింది.

"కొట్రా!"

"పాం!"

"గాలి కొట్రా, గాలి!"

బుడ్డిలో ఉన్నదీ గాలే కదండీ! రెండు చేతులతో, ప్రాణమంతా పెట్టి పిసికాను. బుడ్డి ఊడి చేతిలోకి వచ్చింది. ఇంజను ఇంకొకసారి దగ్గి, మలుపు తిరిగీ తిరగకముందే, దారికి అడ్డంగా చచ్చిపోయింది. దీపాలు కూడా ఆరిపోయాయి.

ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, మలుపు అవతల నుంచి, మేము దాటి వచ్చిన బండ్ల రొద దగ్గరవుతోంది. వాళ్ళకు మేము కనిపించం. పెరుమాళ్ళయ్య చక్రం పట్టుకుని రాతి విగ్రహంలా కూర్చున్నాడు.

"మామా, దిగండి!"

ఆయన చక్రం వదల్లేదు. ఆయన్ని వదిలేసి నేను పారిపోవచ్చు. కాళ్ళు ఆ పనికి సిద్ధంగానే ఉన్నాయి. ఎందుకో చేతులు ఒప్పుకోలేదు. దూకి, పంచె ఎగ్గట్టి, బండి వెనక భుజం పెట్టి తోశాను. కదల్లేదు. మలుపులో వెలుగు కనపడింది. "అమ్మా!" అని ఒక్క అరుపు అరిచి ఇంకొకసారి తోశాను. చక్రాలు కదిలాయి. బండి, బండిలో మామ, బండి వెనక నేను తాడు తెంచుకుని పక్కనున్న గడ్డిలోకి పోయి పడ్డాం. వెనకే ఒకటి, దాని వెనక మరొకటి, మేము నిలిచిన చోటు మీదుగా మోటార్లు రొద పెట్టుకుంటూ దూసుకుపోయాయి.

గడ్డిలో పక్కపక్కన వెల్లకిలా పడుకున్నాం. చావు అంత దగ్గరికి వచ్చి పోయాక అబద్ధం నిలవలేదు.

"మామా, ఒక మాట. నాకు బస్సు తోలేది రాదు. హారన్ కొట్టేది ఒకటే వచ్చు."

ఆయన అద్దాలు తీశాడు. "రాదా?"

"రాదు మామా."

"బెట్రోలు ఎక్కేదానికి ఆ పిడితో గాలి కొట్టాల. అది కూడా తెలీదా?"

"తెలీదు మామా."

"ఓరి నీ! నువ్వు ఉండావనే దయిర్యంతో గదరా నేను ఎక్కితిని!"

"అంటే... మీరు ఎన్ని పందేలు తోలితిరి మామా?"

"ఇదే మొదలు," అన్నాడు ఆయన ఆకాశం వైపు చూస్తూ. "తోలేది నేర్చుకొని నెల కూడా కాలేదు. చీకట్లో తోలింది ఇయ్యాళే. నువ్వు హారన్ కొడతా ఉంటే, బస్సు తోలినోడు గదా, ఇది ఏదో పెద్ద తంత్రం అనుకొంటిని."

నాకు అసలు భయం వేసింది అప్పుడు! అంతలో చిన్నాయన లాంతరు పట్టుకుని పరుగున వచ్చాడు.

"బతికుండారా? అయ్యో రంగా! సంబందం పాయనా?"

పెరుమాళ్ళయ్య లేచి, మీసాలకు పట్టిన గడ్డి దులుపుకున్నాడు. "వచ్చే నెలలో తాంబూలాలు," అన్నాడు గంభీరంగా. తర్వాత నా చెవి దగ్గరికి వంగాడు. "ఈ కత తెలిసినోణ్ణి ఊరకే విరుదుపట్టికి పంపితే కోవిల్‌పట్టి అంతా చెప్పుకొని నవ్వుతారు. అల్లుడైతే నోరు మూసుకొంటావు."

ఆ గడ్డి మీదే, ఆకాశంలోని చుక్కలన్నిటినీ సాక్షి పెట్టి ఒట్టు వేసుకున్నాను. ఈ జన్మలో తెలియనిదాన్ని తెలుసునని అనను. ఏ మర్యాద పోయినా సరే, ఏ సంబంధం తప్పినా సరే, తెలియదంటే తెలియదనే చెబుతాను.

పెళ్ళి జరిగింది. ఆ రాత్రి సీతమ్మ నా ఎదుట కూర్చుని, కళ్ళు పెద్దవి చేసుకుని అడిగింది.

"కొలంబోలో మా నాయన దొరలందర్నీ ఓడించి పందెం గెలిచినాడంట గదా. నిజమేనా?"

"నాకు తెలియదు," అన్నాను.

ఒట్టు వేసుకున్నాక నేను ఆడిన మొదటి అబద్ధం అదే.