కట్టెలు కొట్టే శత్రువు

మా తమ్ముని కొడుకు రామ్‌దాస్ నలభై సార్లు ఓడి, నలభై ఒకటోసారి కంప్యూటర్ రాజు కోటను పడగొట్టాడు. 2002 మే నెలలో, బోధన్‌లో ఆత్మారాం కంప్యూటర్ షాపులో నా కళ్లముందే జరిగిన ముచ్చట ఇది.

ఎడపల్లిలో మా ఇంటి నుంచి ఫౌజుకు, అంటే సైన్యానికి, పోయిన మొదటివాడు రామ్‌దాస్. మొదటి పరుగులోనే ఎంపికై, పన్నెండేళ్లకు హవల్దార్ అయ్యాడు. సెలవుపై వస్తే ఆ షాపులో కంప్యూటర్ మీద పాతకాలపు రాజుల యుద్ధాల ఆట ఆడేవాడు. సంధికి ఒప్పుకున్న కంప్యూటర్ రాజు, మరునిమిషమే మీద పడేవాడు.

ఆ రోజు కోట కూలి, రాజు చచ్చినా ఆట ముగియలేదు. వెతకగా, అడవి మూలన శత్రువు మనిషి ఒక్కడు కట్టెలు కొడుతూ కనబడ్డాడు.

"వాన్ని సంపుతెనే గెలుపు అన్నా. బోధన్ల ఇంకెవ్వలు గెలువలే. నీ పేరు గోడ మీద రాస్త" అన్నాడు ఆత్మారాం.

"వాని రాజు సచ్చిండని వానికి ఎరుకనా?" అన్నాడు రామ్‌దాస్.

"బొమ్మకు ఎరుకేందే? ఫౌజోనివి, గింత భయమా?"

"మా ఫౌజు పోస్టు కాడికి గిసుంటోల్లే రోజు కట్టెలకు వస్తరు" అని రామ్‌దాస్ నా దిక్కు చూశాడు. "పెద్దబాపూ, నువ్వేమంటవ్?"

"నీ చేతుల పని బిడ్డా, నీకే ఎరుక."

అతడు మౌస్ మీద నుంచి చేయి తీశాడు. "ఆటను గిట్లనే ఆపి ఉంచు ఆత్మారాం. మల్ల వచ్చినంక సూస్త."

మర్నాడు నిజామాబాద్‌లో రైలెక్కించి వచ్చాను. మొన్న ఉత్తరం రాశాడు. సెలవు మంజూరైందట, ఇంటికి చేరేది 2003 ఏప్రిల్ 18. ఆత్మారాం షాపులో ఆ ఆట ఇంకా అలాగే ఆగి ఉంది.