గాలి చూడందే బంతి వదలడు

అప్పలరాజు గాలి చూడకుండా ఏ పనీ చెయ్యడు. బంతి విసరడమే కాదు, బస్సెక్కడం, చుట్ట ముట్టించడం కూడా. జేబులోంచి గుప్పెడు ఇసుక తీసి, చెయ్యెత్తి సన్నగా వదిలి, అది ఎటు పోతోందో చూసి గాని కదలడు. జాలరిపేటలో పుట్టినవాడికి పడవ దింపేముందు అది తప్పనిసరి పనే. గాజువాక సెంటర్లో సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి చేస్తే కండక్టరు ఏమైపోవాలి?

పెళ్లినాడు పట్టుపంచెకి జేబు లేక, తాళి కట్టబోతూ అక్షింతలు వదిలి చూశాడని భార్య గంగాలమ్మే చెప్పింది. గాలి బాగులేకపోతే ఏటి సేద్దువని ఆవిడ అడిగితే, కాసేపాగుదును అన్నాడట.

అలాంటివాణ్ని బేస్‌బాల్ జట్టులో పెట్టుకోవడం కెప్టెన్ గురునాథరావు పూర్వజన్మ పాపం. ఈయన గాజువాకలో ఓ చిన్న ఇనుప కార్ఖానాకి ఫోర్‌మన్. తొంభై ఆరులో వచ్చిన కొత్త మేనేజరుకి ఈ ఆటంటే పిచ్చి. క్రికెట్ ఆడుకునే కుర్రాళ్లందరికీ తోలు గ్లవ్వులు తొడిగేశాడు. అప్పలరాజు క్యాచర్. అంటే, బ్యాటు వెనక కూర్చుని, తగలకుండా వచ్చిన బంతిని పట్టి, విసిరేవాడికి తిరిగి ఇవ్వాలి. అంతమాత్రానికి గాలెందుకురా అని కెప్టెన్ తల బాదుకునేవాడు.

"బంతి గాల్లోంచే కదా బావా ఎల్తాది," అనేవాడు అప్పలరాజు.

ఆ ఏడు మద్దిలపాలెం జట్టుతో ఫైనల్ పడింది. మనవైపు బంతి విసిరే దుర్గారావు కాంట్రాక్టు కూలీ. ఈ ఆట గెలిపిస్తే పర్మినెంట్ చేస్తానని మేనేజరు మాటిచ్చాడు. ఆ పూట దుర్గారావు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

ఆట చివరికొచ్చింది. ఒక్క పరుగు ముందున్నాం, ఒక్కణ్ని ఔట్ చేస్తే చాలు. మూడు బంతులు బ్యాటుకి తగలకపోతే ఔటే; వాడికి అప్పటికే రెండు తప్పాయి. సరిగ్గా అప్పుడే అప్పలరాజు పిచ్చి ముదిరింది. బంతి బంతికీ లేవడం, మొహం మీది జాలీ ముసుగు తియ్యడం, ఇసుక వదలడం, పెదవి విరిచి మళ్లీ వదలడం. జనం ఈలలేశారు. ఇంకోసారి ఆలస్యమైతే ఆట అవతలివాళ్లకి ఇచ్చేస్తానని అంపైరు కెప్టెన్‌ని హెచ్చరించాడు.

గురునాథరావు మండిపడుతూ వెళ్లాడు. "నీ గాలి పిచ్చి తగలెయ్యా! దుర్గారావు ఉద్యోగం పోతాదిరా."

అప్పలరాజు మళ్లీ ఇసుక వదిలాడు. అది తిన్నగా అతని కాళ్లమీదే పడింది. దూరాన స్టీలు ప్లాంటు పొగ కూడా నిట్టనిలువుగా లేస్తోంది. గాలన్నదే లేదు. గురునాథరావు వెనక్కి తిరిగాడు. అక్కడ దుర్గారావు పళ్లు బిగించి కుడి జబ్బ పిసుక్కుంటున్నాడు.

"పొద్దుట్నించీ జబ్బ పట్టేసింది బావా," అప్పలరాజు గొణిగాడు. "సెప్తే నువ్వు ఆడ్ని ఆట్లోంచి దింపేత్తావు. కాసింత ఊపిరి తీసుకుంటే ఏసేత్తాడు."

కిందటి ఆటలో జట్టు కుర్రాడు వరహాలుకి కళ్లు తిరిగినప్పుడూ వీడు ఇలాగే గాలి చూస్తూ ఆట ఆపాడని గురునాథరావుకి గుర్తొచ్చింది. అక్కడికక్కడే వీణ్ని కావలించుకోవాలనిపించింది.

"ఏమిటండీ ఇంకా?" అంటూ అంపైరు వచ్చేశాడు.

గురునాథరావు అప్పలరాజు జేబులో చెయ్యి పెట్టి, గుప్పెడు ఇసుక తీసి, పెద్ద అనుభవజ్ఞుడిలా సన్నగా వదిలాడు.

"గాలి తేడాగా ఉందండి. ఒక్క నిమిషం."

మండిపడుతూ వెళ్లిన కెప్టెన్ కూడా అంటున్నాడంటే నిజమే కాబోలని అంపైరు ఆకాశంకేసి చూసి ఊరుకున్నాడు.

ఆ నిమిషం సరిపోయింది. దుర్గారావు విసిరిన బంతి బ్యాటుకి చిక్కకుండా వచ్చి గ్లవ్వులో టప్పున పడింది. గురునాథరావు పరిగెత్తుకొచ్చి అప్పలరాజుని అమాంతం ఎత్తుకున్నాడు. గెలిపించినవాడు అటుంటే ఈయన వీణ్నెందుకు ఎత్తుకున్నాడో జనానికి అర్థం కాలేదు.