రెండు కుంచాల నేల

1926, జ్యేష్ఠమాసం. అరకు లోయలో ఒక చిన్న సంత ఊరు. పేరు రాయను, ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నాను. ప్రతి శుక్రవారం సంత. సంతనాడల్లా ముసాఫరు బంగళా వరండాలో రెండు బల్లలు వేసి, ఏ నేలను ఎవరు దేనికి వాడుకోవాలో తేల్చే కమిటీ కూర్చునేది. కాగితాల మీద దాని పేరు నేలల కమిటీ. జనం మాత్రం రాళ్ళ కమిటీ అనేవారు, తీర్పు చెప్పిన ప్రతి చోటా నాలుగు రాళ్ళు పాతించేవాళ్ళం గనుక.

కమిటీలో ముగ్గురు. అధ్యక్షులు డిప్యూటీ తాసీల్దారు గారు. చుట్టుపక్కల కొండ ఊళ్ళ జట్టుకు పెద్ద అయిన ముఠాదారు ఒకరు. సంత వర్తకుల తరఫున పసుపు, విస్తళ్ళు కుట్టే అడ్డాకు కొనే షావుకారు ఒకరు. నేను నాలుగోవాణ్ణి, ఓటు లేనివాణ్ణి. నా పని కొలవడం, రాయడం. చైన్ అంటే అరవై ఆరు అడుగుల ఇనుప గొలుసు, వంద లింకులు. చైన్ పొడవు, చైన్ వెడల్పు నేల పది సెంట్లు. అలాంటివి పది కలిస్తే ఎకరం. పన్నెండేళ్ళు ఆ గొలుసు భుజాన మోసి, అది మోయించినవాళ్ళు వేసే లెక్కలు ఓరకంట చూసి నేర్చుకున్నాను. నా బడి చదువు మూడో తరగతి. అందుకేనేమో, నేను వేసిన లెక్క తప్పని ఎవరైనా అంటే ఒళ్ళంతా చెవులు చేసుకుని వినేవాణ్ణి.

పని జరిగే తీరు ఇది. అర్జీదారు వచ్చి నోటితో చెబుతాడు. నేను రిజిస్టరులో నాలుగు గడులు నింపుతాను: ఎవరు, ఎక్కడ, ఎంత, దేనికి. మ్యాపు మీద దున్నుకునే నేలకు పసుపు పెన్సిలు, కట్టడానికి ఎరుపు, పశువుల మేతకు ఆకుపచ్చ. కమిటీ సరేనంటే సంతకాలు. మరుసటి సంతకు రాళ్ళు పాతి, వాటికి సున్నం కొడతాం. సున్నం పడేవరకూ ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. పడ్డాక ఇక అంతే.

మూడో గడిలో నాకొక చిక్కు ఉండేది. కొండవాళ్ళు ఎకరాలూ సెంట్లూ అనరు. గింజలు కొలిచే కుంచంతోనే నేలనూ చెబుతారు. కుంచం విత్తనం పట్టే నేల, రెండు కుంచాలు పట్టే నేల అంటారు. నేను లోయలో పదిహేడు మళ్ళు కొలిచి, ఒక్కోదానికి ఎంత విత్తనం పోస్తారో అడిగి, ఒక పట్టిక తయారు చేశాను. పది కుంచాలకు ఎకరం, కుంచానికి పది సెంట్లు. ఎవరి సాయమూ లేకుండా నేను కట్టిన పట్టిక అది. అట్టకు అంటించి ఫీల్డ్ బుక్కులో పెట్టుకున్నాను. ఏడాదిన్నర పాటు ఒక్క అర్జీ మీదా తగువు రాలేదు.

ఆ వేసవిలో గురుబారి అనే ఆమె వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. గురువారం పుట్టిందని ఆ పేరు. భర్త లేడు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, ఒక మనవరాలు, తను, మొత్తం ఆరు నోళ్ళు. బండి తోవ పక్కనున్న కొండ వాలులో తరాలుగా విత్తుకుంటున్నారు. ఆ నేలకు కాగితం లేదు. కాగితం కావాలని ముఠాదారు పంపాడు. ఎంత అని అడిగాను. రెండు కుంచాలంది. పట్టిక చూడవలసిన అవసరం కూడా లేకుండా ఇరవై సెంట్లని రాశాను. అదే రోజు షావుకారు కూడా తోటి సభ్యుల ముందు సొంత అర్జీ పెట్టాడు. సంతకు వచ్చే ఎడ్లబళ్ళు నిలపడానికి, సరుకు వానకు తడవకుండా గోదాము కట్టడానికి అదే వాలులో ఎకరన్నర. మ్యాపు మీద ఆమె ఇరవై సెంట్లు పోను మిగతాదంతా ఖాళీ. రెండింటికీ సంతకాలు పడ్డాయి.

మరుసటి సంతనాడు పొద్దున్నే కూలీలతో రాళ్ళు మోయించుకుని వెళ్ళాను. ముందురోజే మొదటి వాన పడింది. వాలంతా తుప్పలు కొట్టి కాల్చిన బూడిద, తడిసి నల్లగా ఉంది. రెండు చైన్లు ఇటు, ఒక చైన్ అటు కొలిచి నాలుగు రాళ్ళు పాతించాను. సున్నం తట్ట దించుతుండగా గురుబారి పై నుంచి దిగి వచ్చింది. నాలుగు రాళ్ళ చుట్టూ ఒకసారి తిరిగింది.

“గొలుసు బాబూ, ఈ నాలుగు రాళ్ళ మద్దెన ఏటి కట్టమంటావు, కోళ్ళ గూడా?”

రెండు కుంచాల నేల అడిగావు, రెండు కుంచాల నేల ఇచ్చాం అన్నాను. నాకు కొంచెం విసుగు కూడా వచ్చింది.

ఆమె కోప్పడలేదు. తెలియనివాడిని అడిగినట్టు అడిగింది. “ఏ గింజకి?”

“ఏ గింజకేమిటి?”

“కుంచం ఏ గింజకి ఏసినావు? ఈ కొండకి సోడి గాని ఇంకేటి పండుద్ది?”

కూలీవాడు కుంచె సున్నంలో ముంచాడు. ఆగమన్నాను. నా పట్టికలోని పదిహేడు మళ్ళూ వరి మళ్ళు. అంతవరకూ వచ్చిన అర్జీదార్లందరూ, నాకు తెలిసినంతలో, లోయ అడుగున వరి వేసుకునేవాళ్ళు. కొండ వాలు నుంచి వచ్చిన మొదటి అర్జీ ఇదే. వరి గింజకు కట్టిన లెక్కను చోడి గింజకు, అంటే రాగి గింజకు, తగిలించాను.

పరుగులాంటి నడకతో సంతలోకి దిగాను. ఒక దుకాణంలో పిడికెడు విత్తనపు వడ్లు, ఇంకో దుకాణంలో పిడికెడు చోళ్ళు అడిగి తీసుకున్నాను. నా పొడుం డబ్బీ మూతను వడ్లతో అంచుకు సమంగా తలగొట్టి నింపి, అడ్డాకు మీద పోసి లెక్కపెట్టాను. నూట అరవై. అదే మూతను చోళ్ళతో నింపాను. పదేసి కుప్పలు, వందేసి కుప్పలు. వెయ్యి దాటేసరికి చుట్టూ జనం చేరారు. నాకు పిచ్చెక్కిందని ఒకరు, ఇది కొత్త రకం జూదమని ఒకరు. రెండు వేల నలభై. పన్నెండింతలు పైమాట. తప్పు చేసినందుకు సిగ్గుపడాల్సిందే, పడ్డాను కూడా. కాని నిజం చెప్పాలంటే సిగ్గుకంటే ఉత్సాహమే ఎక్కువ. పన్నెండేళ్ళలో అంత అందమైన లెక్క నా కంటపడలేదు.

అయితే గింజలు పన్నెండింతలు ఉన్నంత మాత్రాన నేల పన్నెండింతలు కాదు. చోడి ఒత్తుగా చల్లుతారో, పలచగా చల్లుతారో నాకు తెలియదు. తెలియని అంకె రాయకూడదని ఆ పొద్దుటే నేర్చుకున్నాను. తిన్నగా వరండా మెట్లెక్కి, తప్పు నాదేనని కమిటీకి చెప్పాను.

షావుకారు నవ్వాడు. “గొలుసు బాబుకి ఇయ్యాల సోళ్ళు గుమ్మడికాయలంత కనిపిస్తన్నాయి. ఇది ఒప్పుకుంటే రేపొకడొచ్చి నాది ఆవగింజండీ అంటాడు. పొగాకు ఇత్తనమన్నోడికి జిల్లా రాసీయాల.”

వరండా కింద జనం కూడా నవ్వారు. అధ్యక్షులు నవ్వలేదు. సంతకం పడిన కాగితంలో అంకె మార్చాలంటే గుమాస్తా మాట చాలదనీ, కంటికి కనిపించే కారణం కావాలనీ అన్నారు. సున్నం మాత్రం సాయంత్రం దాకా ఆపమన్నారు. నా దగ్గర కారణం లేదు, పొడుం డబ్బీ మూత ఉంది. గురుబారి వరండా అంచున నిలబడి మా నలుగురి ముఖాలు మార్చి మార్చి చూస్తోంది. ఆ వాలు పోతే ఆ ఇంటికి వచ్చే ఏడాది అంబలి లేదు. నేను రాసిన ఇరవై సెంట్లలో ఆరుగురికి రెండు నెలల తిండి కూడా రాదు.

ముఠాదారు చుట్ట పక్కన పెట్టాడు. “కంటికే కావాలంటే కష్టమేటుంది. వాన పడింది, బూడిద తడిసింది. రెండు కుంచాలు కొలిసి ఆవిడ సేతికియ్యండి. సల్లనీండి. ఇత్తనం ఎక్కడయిపోద్దో అక్కడ రాయి.”

“ఆవిడ పలసగా సల్లుతాది,” అన్నాడు షావుకారు.

ఆ మాట వినగానే నాకు దారి దొరికింది. పాత బుట్ట అంచు, వెదురు చట్రం ఒకటి తెప్పించాను. మూరెడు అడ్డం ఉంటుంది. ఆమె చల్లుకుంటూ పోతుంటే షావుకారు తనకు నచ్చిన చోటికి ఆ చట్రాన్ని విసరవచ్చు. పడిన చోట చట్రం లోపలి గింజలు నేను లెక్కపెడతాను. చేయి పలచబడితే అంకె పడిపోతుంది, అందరికీ తెలుస్తుంది. షావుకారు ఆలోచించి, కుంచం తన కొట్టులోది కావాలన్నాడు. సరేనన్నాం. తలగొట్టి రెండు కుంచాలు అతనే కొలిచాడు.

సంత సగం మా వెంట కొండ ఎక్కింది. గురుబారి బుట్టను నడుముకు కట్టుకుని, కింది గట్టు దగ్గర చెప్పులు విడిచి, మొదటి గుప్పెడు విసిరింది. మూడడుగులకు ఒక గుప్పెడు, మోచేయి ఒకే ఎత్తున. ఎవరో తాళం వేస్తున్నట్టు ఒకే లయలో నడిచింది. పాతిన నాలుగు రాళ్ళను దాటడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. బుట్టలో విత్తనం తరిగినట్టే లేదు. వెనక జనంలో ఒక గుసగుస లేచింది.

షావుకారు చట్రం విసిరాడు. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. నల్ల బూడిదలో ఎర్ర గింజలు. నలభై ఆరు. ఇంకా పైన విసిరాడు. నలభై తొమ్మిది. ఈసారి ఆమె బండరాయి చుట్టి వచ్చిన మూలన, చేయి తడబడి ఉంటుందనుకున్న చోట విసిరాడు. నలభై నాలుగు. నేను అంకె చెప్పగానే జనం దాన్ని కిందికి ఒకరి నుంచి ఒకరు అందించుకున్నారు. నాలుగోసారి షావుకారే నా పక్కన గొంతుక్కూర్చుని, వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. “నలభై యేడు,” అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. ఆ తరవాత అతను చట్రం విసరడం మానేసి, తరవాతి గుప్పెడు ఎక్కడ పడుతుందో ముందే చెప్పడం మొదలుపెట్టాడు.

పైన తుప్పల మొదట్లో, భూమిలోకి సగం దిగిన ఒక పాత రాయి ఉంది. మా కమిటీ పాతింది కాదు, వాళ్ళ పెద్దలది. దాని దగ్గర ఆమె నిలబడి, నడుము నుంచి బుట్ట విప్పింది. నేను తొంగి చూశాను. అడుగున ఒక గుప్పెడు ఉంది.

షావుకారు అప్పటికి మనిషి మారిపోయాడు. “అదీ సల్లీయమ్మా, ఇంకో నాలుగు సెంట్లు కలిసొస్తాది.”

“నేదు బాబూ, గుప్పెడు మిగలాల.” ఆమె ఆ గింజలను అరచేతిలోకి వంపి చూపించింది. “మా అత్త నేర్పింది. ఈ రాయి కాడికొచ్చీసరికి గుప్పెడు మిగిల్తే సెయ్యి సరిగ్గా ఆడినట్టు. రెండు గుప్పెళ్ళు మిగిల్తే పలసన. ఏటీ మిగల్నేదంటే మందం.”

నేను నా చేతిలోని కాగితం చూసుకున్నాను. నలభై ఆరు, నలభై తొమ్మిది, నలభై నాలుగు, నలభై ఏడు. నేను ఎంతో తెలివిగా కనిపెట్టాననుకున్న తనిఖీ వాళ్ళ లెక్కలో మొదటినుంచీ ఉంది. అదీ ఒక్క గుప్పెడులో.

చైన్ పరిచాం. సగటు పొడవు ఐదు చైన్ల ఇరవై లింకులు, సగటు వెడల్పు మూడు చైన్ల ఎనభై లింకులు. ఎకరం తొంభై ఏడు సెంట్ల పైచిలుకు. నేను రాసిన ఇరవైకి దాదాపు పదింతలు. అధ్యక్షులు అక్కడే, ముఠాదారు వీపు మీద కాగితం పెట్టి పాత అంకె కొట్టేసి కొత్తది రాశారు. షావుకారు వాగు అవతల రాతి నేల చూపించి, అక్కడ ఏ గింజా మొలవదు గనుక బళ్ళకు అదే మేలన్నాడు. ఎడ్ల గిట్టలు అరిగిపోతాయని వారం పాటు నన్ను సాధించాడు, అది వేరే సంగతి. సాయంత్రం పెద్దల రాయి పక్కన మా రాయి పాతి సున్నం కొట్టాం.

ఆ వారమంతా పాత అర్జీలు తిరగేశాను. అన్నీ వరి మళ్ళే, ఒక్కటి తప్ప. లోయ అంచున ఒక ముసలాయన సామలు పండించుకునే నేలచెక్క. ఆయన ఏమీ అనకుండా ఇచ్చినదాంట్లోనే సర్దుకుంటున్నాడు. కాగితం మీద ఉన్నది తప్పు కాదనుకున్నాడట. గొలుసు భుజాన వేసుకుని వెళ్ళి, మళ్ళీ కొలిచి వచ్చాను.

నా పట్టిక తప్పు కాదు. పది కుంచాలకు ఎకరం ఈనాటికీ నిజమే, వరికి. ఎవరి కొలతనైనా నా కొలతలోకి మార్చేముందు అది దేన్ని కొలిచే కొలతో వాళ్ళనే అడగాలి. అంత చిన్న ప్రశ్న అడగనందుకు ఒక ఇంటి ఏడాది తిండి సున్నం తట్ట దాకా వెళ్ళింది.

ఇప్పుడు నా రిజిస్టరులో ఐదు గడులు. ఎవరు, ఎక్కడ, ఎంత, దేనికి అన్నవాటికి ముందు, ఎడమ పక్కన కొత్తగా గీసిన గడి ఒకటుంది. పైన “ఏ గింజకి?” అని ఆమె మాటే రాశాను. అది నిండేదాకా మిగతా నాలుగింటి మీద కలం పెట్టను.